భృత్యుడు – భృతి



ఈ సభలో కర్మాగారాల యజమానులున్నారు, కార్మికులూ ఉన్నారు. ఏలూరు జనపనార మిల్లు, తాడేపల్లిగూడెం నూనె మిల్లులు, బియ్యం మిల్లులు, కొల్లేటి చేపల చెరువులను నమ్ముకున్న ఐసు ఫ్యాక్టరీలు మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. “పనివారిలో శ్రద్ధ తగ్గిందండీ” అని యజమానులు తరచుగా అంటూ ఉంటారు. నేను వ్యాకరణం చదువుకున్నవాణ్ణి గనుక ముందుగా ఒక మాటను పరిశీలిస్తాను.

భృత్యుడంటే సేవకుడు. ఆ పదానికి మూలం ‘భృ’ ధాతువు. ధరించడం, పోషించడం దాని అర్థం. భృత్యుడంటే పోషింపదగినవాడు, పోషించేవాడు భర్త, ఇచ్చే జీతం భృతి. (భర్త అనే మాటను మనం ఇంటికే పరిమితం చేసుకున్నాం, అది వేరే సంగతి.) సేవకుణ్ణి చెప్పే పదంలోనే యజమాని బాధ్యత ఇమిడి ఉన్నది.

జీతం పుచ్చుకొని పని చేయనివానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో 12 పణాల దండన విధించాడు. జీతం ఎగవేసిన యజమానినీ విడిచిపెట్టలేదు. రోగంలోనో ఆపదలోనో ఉన్న పనివానికి సడలింపు ఇచ్చాడు. ఈ మూడవది మనకు సాధారణంగా గుర్తుండదు.

జనపనార మిల్లులో నూలు వడికే యంత్రం వద్ద నిలిచినవాణ్ణి తలచుకోండి. చుట్టూ దుమ్ము, చెవులు దిమ్మెక్కే హోరు. పోగు తెగిన క్షణంలోనే పట్టి అతకాలి. అశ్రద్ధగా అతికితే ఆ లోపం ఆనాడు ఎవరికీ కనబడదు. ధాన్యం నింపిన గోనెసంచి లారీ కెక్కేటప్పుడు పిగిలిపోతుంది. మేస్త్రీ ప్రతి పోగునూ చూడలేడు. అతడు చూడలేని చోట పని చేయించేది కార్మికుని మనస్సే. ‘ఈ నెల జీతం వస్తుందా? చెవులు పోతే నన్ను చూసేదెవరు?’ అన్న చింత పట్టిన మనస్సు పోగుమీద నిలుస్తుందా? 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, వేయిమందికి లోపు పనివారున్నచోట తరువాతి నెల 7వ తేదీ ముగిసేలోగా జీతం ముట్టాలన్నది.

కార్మిక సోదరులారా, మీకూ ఒక మాట. మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్ముకొనే ధర్మవ్యాధుని వద్దకు వెళ్ళాడు. ధర్మవ్యాధుడు తన వృత్తిని తక్కువగా తలచలేదు, సత్యం తప్పలేదు. అదే మనిషి, దేవతలకు, అతిథులకు, భృత్యులకు పెట్టగా మిగిలినదానితోనే తాను జీవిస్తున్నానని చెప్పాడు. భృత్యుణ్ణి దేవతల వరుసలో నిలిపిన ఆ మాట యజమానులు కూడా వినదగినది.

సంస్థ పేరిట అర్చనకు వచ్చే దాతలకు నా మనవి: బకాయి జీతాలుంటే ముందు వాటిని చెల్లించి రండి. ద్వారకా తిరుమల స్వామి అంతవరకు వేచి ఉంటాడు.