మళ్ళీ వేలిముద్రా?

(అక్షర కేంద్రంలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



మా అమ్మమ్మ సంగతితో మొదలుపెడతాను. సాక్షరతా ఉద్యమం రోజుల్లో ఆమె రాత్రి బడికి వెళ్ళి సంతకం నేర్చుకుంది. పలక మీద తన పేరు రాసి, ఇంటికి తెచ్చి అందరికీ చూపించిందట. ఆ తర్వాత ఎవరైనా సిరా డబ్బా ముందుకు తోస్తే, "నాకు సంతకం వచ్చు నాయనా" అనేది. ఆ మాట అనడం ఆమెకు ఎంత గొప్పో!

ఇప్పుడు ఆమెకు డెబ్బై ఏళ్ళు దాటాయి. మా మామయ్య నెలనెలా ఆమె ఖాతాలో కొంత డబ్బు వేస్తాడు. బ్యాంకు దూరం. ఊళ్ళో బ్యాంకు మిత్ర ఉన్నాడు. అతని దగ్గర చేతిలో పట్టేంత మెషిన్ ఉంది. ఆధార్ నంబరు చెప్పి, వేలు పెడితే డబ్బు ఇస్తాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మమ్మ, "మళ్ళీ వేలిముద్రా?" అంది. నాకు జవాబు తోచలేదు.

ఒకసారి వెయ్యి రూపాయల కోసం వెళ్ళింది. వేలు పెట్టింది. మెషిన్ తిరుగుతూనే ఉంది. "పడలేదు అవ్వా, మళ్ళీ పెట్టు" అన్నాడు మిత్ర. మళ్ళీ పెట్టింది. ఈసారి పడింది. వెయ్యి తీసుకుని ఇంటికి వచ్చింది. తర్వాత నేను బ్యాంకుకు వెళ్ళి పాసు పుస్తకం ప్రింటు వేయిస్తే, ఒకే రోజు వెయ్యి, వెయ్యి, రెండుసార్లు తగ్గి ఉంది!

మిత్రను అడిగితే, "సర్వర్ తప్పు, నా తప్పు కాదు" అన్నాడు. పది రోజుల తర్వాత వెయ్యి తిరిగి ఖాతాలో పడింది. అతను చెప్పింది నిజమే అయివుంటుంది. కానీ ఆ పది రోజులూ అమ్మమ్మ అతని గుమ్మం తొక్కలేదు. ఊళ్ళో ఎదురుపడినా పలకరించలేదు. వెయ్యి రూపాయలు చిన్న సొమ్మా?

అసలు మనం వేలు పెట్టగానే ఏం జరుగుతుంది? చెబుతాను, వినండి.

మన వేలి గీతలు రహస్య అంకెలుగా మారతాయి. మెషిన్‌లోని సిమ్ వాటిని ముందు మిత్ర పనిచేసే బ్యాంకుకు పంపుతుంది. అక్కణ్ణుంచి జాతీయ చెల్లింపుల సంస్థకు వెళతాయి. దాని ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంది. తర్వాత ఆధార్ కంప్యూటర్లకు వెళతాయి. అవి బెంగళూరులోనూ, హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. "అవును, ఈ వేలు ఈమెదే" అని అవి చెప్పాలి. అప్పుడు మన సొంత బ్యాంకు మన ఖాతా చూసి డబ్బు తగ్గిస్తుంది. ఆ కబురు మళ్ళీ వెనక్కి నడిచి మన ఊరి మెషిన్‌కు చేరాలి. మనం కుర్చీలో కూర్చునే ఉంటాం, మన వేలు మాత్రం దేశం తిరిగి వస్తుంది.

పోయేటప్పుడు దారి తెగితే నష్టం లేదు. డబ్బు కదలదు. వచ్చేటప్పుడు తెగితేనే చిక్కు. బ్యాంకు డబ్బు తగ్గించేస్తుంది, ఆ సంగతి మెషిన్‌కు తెలియదు. మా అమ్మమ్మకు అయింది అదే కావచ్చు.

ఆ పాత మెషిన్ 2జి సిమ్‌తో నడిచేది. సిగ్నల్ సన్నం. ఒక్కోసారి రెండు నిమిషాలు పట్టేది. పోయినేడు మిత్రకు 4జి మెషిన్ ఇచ్చారు. నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. పన్నెండు లెక్కపెట్టేసరికి కాగితం బయటికొచ్చింది. కూలికి పోవాల్సిన వాళ్ళకు ఇది ఎంత మేలో మీకు నేను చెప్పాలా?

కానీ నాకు కనిపించే పెద్ద మేలు వేరే ఉంది. మెషిన్ నెమ్మదిగా ఉన్నన్నాళ్ళు "పడలేదు, మళ్ళీ పెట్టు" అన్న మాట నిజమో అబద్ధమో మనకు తెలియదు. మంచివాడూ అదే అంటాడు, దొంగా అదే అంటాడు. మెషిన్ వెంటనే జవాబు చెబితే దొంగకు ఆ సాకు దొరకడం కష్టం.

వేలు పెట్టే అద్దాన్ని కూడా మార్చారు. ఎందుకంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒకతను పోలీసులకు దొరికాడు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద జనం వేసిన వేలిముద్రలు చూసి, రబ్బరుతో దొంగ ముద్రలు చేశాడు. వాటితో వేరేవాళ్ళ పేరిట సిమ్ కార్డులు తీశాడు. పాత రకం పరికరంలో వేలి గీతలు రహస్య అంకెలుగా మారే పని పరికరం బయట జరిగేది. కొత్త రకంలో పరికరం లోపలే జరుగుతుంది. మధ్యలో దొంగిలించడం కష్టం. అయినా మన ఆధార్ కాగితం ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదు.

కొత్త మెషిన్ వచ్చినా కొందరి వేళ్ళు పడవు. కలుపు తీసి, సున్నం కలిపి, గిన్నెలు తోమి గీతలు అరిగిపోతాయి. అది మన తప్పు కాదు, మన కష్టం గుర్తు. చెయ్యి కడిగి, తుడుచుకుని, వేరే వేలు పెట్టి చూడండి. అప్పటికీ పడకపోతే ఆధార్ కేంద్రంలో వేళ్ళు మళ్ళీ నమోదు చేయించుకోండి.

ఇక డబ్బు తగ్గి, చేతికి రాకపోతే? 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. అలా తగ్గిన డబ్బును బ్యాంకు అయిదు రోజుల్లోగా తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు అదనంగా ఇవ్వాలి. అమ్మమ్మ డబ్బు పది రోజులకు వచ్చింది కదా? ఆ అదనపు సొమ్ము అడగాలని అప్పుడు నాకు తెలియదు. టీచర్ ట్రైనింగు చదివినదాన్ని, నాకే తెలియలేదు!

ముందు మన బ్యాంకులోనే కాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. ఎలా చెప్పుకోవాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఫిర్యాదు రాయాలంటే స్లిప్పు చేతిలో ఉండాలి. పని కాలేదన్నా సరే, "కాలేదు" అన్న స్లిప్పు అడిగి తీసుకోండి. అది చేతికి వచ్చాకే రెండోసారి వేలు పెట్టండి. వేలు పెట్టే ముందు మెషిన్ మీద అంకె చదవండి. 1000కి పక్కన ఇంకో సున్నా చేరితే 10000 అవుతుంది.

మా అమ్మమ్మ ఇప్పుడు మళ్ళీ మిత్ర దగ్గరికి వెళుతోంది. వేలు పెడుతుంది. కాగితం రాగానే కళ్ళజోడు పెట్టుకుని అక్కడే నిలబడి చదువుతుంది. వెనక వరసలో వాళ్ళు గొణుగుతారు. గొణగనివ్వండి.

ఇవాళ్టి పాఠానికి మా ఇంట్లోని పాత స్లిప్పులు తెచ్చాను. తలా ఒకటి తీసుకోండి. తేదీ ఎక్కడుంది? డబ్బు ఎంత? ఖాతాలో మిగిలింది ఎంత? పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది, బ్యాంకు వాళ్ళు ముందు అడిగేది దాన్నే. దాని కింద గీత గీయండి. చివరి వరసలో ఉన్న పెద్దమ్మా, మీరు మొదలుపెట్టండి.