మగ్గం దిగాక పాట మొదలుపెట్టాం



సొసైటీ లెక్కలు రాయడం తప్ప వేదికెక్కి మాట్లాడే అలవాటు మాకు లేదు. "అరవై దాటాక సంగీతం ఎట్లా నేర్చుకున్నారో చెప్పండి" అని పెద్దలు అడిగారు గనక నిలబడ్డాం.

మన పనిలో ముందు పోయేవి కళ్లు, తర్వాత మోకాళ్లు. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చున్న మనిషి ఒకరోజు దిగిపోతాడు. మరునాటి నుంచి ఏం చేయాలో తెలియదు. కొడుకులు కంపెనీ పనికి పోతారు. చప్పుడు ఆగిన ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవడమే. అట్లా కూర్చున్న మగవాళ్లం పదకొండు మంది, మూడేళ్ల కింద పాట టీచరమ్మ దగ్గరికి పోయాం.

మొదటిరోజు చిన్నపిల్లల పక్కన కూర్చున్నాం. వాళ్ల శ్రుతి ఐదున్నర. మా గొంతులు అక్కడికి ఎక్కలేదు. పిల్లలు నవ్వారు. మాలో ఒకరి కొడుకు, "ఈ వయసులో పాటలేంది నాయనా, ఊరు నవ్వుతుంది" అన్నాడు. వారం తిరిగేసరికి అయిదుగురు మానేశారు. టీచరమ్మ మాత్రం, "గొంతు చెడ్డది కాదయ్యా, శ్రుతి వేరే. మీకు ఒకటి శ్రుతి పెడదాం" అన్నారు. సాయంత్రం ఏడు గంటలకు, సొసైటీ హాల్లోనే, మాకు వేరే క్లాసు మొదలైంది.

సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. అన్నీ పిల్లల పాఠాలే. మాయామాళవగౌళ రాగంలో ఈ పాఠాలు ఏర్పరచింది పురందరదాసు అని పెద్దలు చెబుతారు. ఆయన పుట్టుకతో దాసుడు కాదు, వడ్డీ వ్యాపారం చేసిన షావుకారు. నడివయసులో ఆస్తి అంతా వదిలి, హంపీలో వ్యాసరాయల దగ్గర దీక్ష తీసుకొని పాట పట్టారట. ఆ కథ విన్నాక మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆది తాళం ఎనిమిది లెక్క కష్టం కాలేదు. పోగులు లెక్కపెట్టిన చేతులు కదా! కష్టమైంది ఊపిరి. మూడో కాలంలో వరుస సగంలోనే ఆయాసం వచ్చేది. తెల్లవారి కింది స్వరాల్లో మెల్లగా సాధన చేయమన్నారు. ఏడాదికి కుదిరింది.

ఇంకొక మాట. త్యాగరాజస్వామి కీర్తనలు ఎక్కువ తెలుగే. మా క్లాసులో నోటుపుస్తకం తమిళ అక్షరాల్లో ఉంటుంది. అందులో క, గ లకు ఒకటే అక్షరం. మేము బడిలో చదివింది తమిళమే గానీ, తెలుగు అక్షరాలు తాతలు ఇంట్లో దిద్దించారు. ఒకరోజు టీచరమ్మ పాట ఆపి, "ఈ మాటకు అర్థమేమి, ఇక్కడ క నా, గ నా?" అని మమ్మల్ని అడిగారు. ఎందుకూ పనికిరాము అనుకున్నవాళ్లం ఆ రోజు తల ఎత్తుకొని ఇంటికి పోయాం.

మేము కచేరీ విద్వాంసులం కాలేదు, కాబోము. పంచరత్నాలు ఇంకా రాలేదు. ఈ ఏడు పుష్య బహుళ పంచమి నాడు, ఆరాధనలో, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు రెండు పాడాం. ఊరు నవ్వుతుందన్న ఆ కొడుకు వెనక వరుసలో కూర్చొని విన్నాడు. ఏమీ అనలేదు. మరునాడు కూతుర్ని తెచ్చి, "దీనికి తెలుగు అక్షరాలు నేర్పు నాయనా" అన్నాడు.

అన్ని సంఘాలకూ మా మనవి ఇది. వారానికి రెండు సాయంత్రాలు హాలు తెరవండి. ఒక శ్రుతిపెట్టె కొనండి. ఒక టీచరును పిలవండి. ఆడవాళ్ల శ్రుతి వేరే గనక వాళ్లకు వేరే పూట పెట్టండి. మానేసిన మా అయిదుగురినీ మళ్లీ పిలుస్తున్నాం. మీ ఊళ్లో మగ్గం దిగినవాళ్లను మీరూ పిలవండి.