సంతకం కన్నా ముందు వివరణ

ఈరోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులకు నా హృదయపూర్వక అభినందనలు.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి నంద్యాలకు బస్సెక్కి వచ్చే రైతులు, కూలీలు రేపు మీ ఎదుట కూర్చుంటారు. "మాకేం తెలుసు సార్, యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతాం" అంటారు. ఆ నమ్మకం మీకు అధికారం ఇవ్వదు, మీ బాధ్యతను రెట్టింపు చేస్తుంది.

ఆ బాధ్యత మరిస్తే ఏమవుతుందో ఒక కేసు చెబుతుంది. 1990లో హైదరాబాద్ నిమ్స్‌ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలోని కణితికి ఆపరేషన్ జరిగింది. తర్వాత అతని నడుము కింది భాగం చచ్చుబడింది. బయాప్సీ కోసం ఇచ్చిన అనుమతితో కణితినే తొలగించారు. వెన్నెముకతో ముడిపడిన కేసైనా న్యూరోసర్జన్‌ను ముందుగా కలుపుకోలేదు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం చెల్లించమంది. ఆ యువకుడు తన కేసును తానే వాదించుకున్నాడు. పేరున్న పెద్దాసుపత్రి కూడా ఈ తీర్పు నుంచి తప్పించుకోలేకపోయింది.

అలాగని చట్టాన్ని చూసి బెదరకండి. చికిత్స ఫలించనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సాటి సమర్థుడైన వైద్యుడు చూపే నైపుణ్యం, శ్రద్ధ మీరూ చూపారా అన్నదే ప్రశ్న. అద్భుతాలు చేయమని ఏ కోర్టూ అడగదు.

చట్టం అడిగేవి ఇవి. జబ్బేమిటో, చేయబోయేదేమిటో, ప్రమాదమేమిటో, వేరే దారి ఉందో లేదో రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. చేసిన ప్రతి పనీ కేస్‌షీట్‌లో అప్పటికప్పుడు రాయండి. రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. కర్నూలు-కడప రోడ్డు మీద ప్రమాదంలో గాయపడ్డవాణ్ణి తెస్తే, పోలీసుల కోసం ఆగకుండా ముందు ప్రాణం నిలబెట్టండి. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఆదేశమూ అదే.

మీకు తెలియని జబ్బు ఎదురైతే తెలిసినవారి దగ్గరికి వెంటనే పంపండి. అందులో చిన్నతనం లేదు.

డాక్టర్లూ, రేపటి మీ మొదటి రోగికి అనుమతి కాగితం చాపేముందు రెండు నిమిషాలు పక్కన కూర్చుని వివరించండి. చట్టం కోరేదీ, మీ వృత్తి ధర్మం కోరేదీ ఒక్కటే.