పొగగొట్టం లేని పరిశ్రమ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు "పరిశ్రమలంటే ఏమిట్రా?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పాం: పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు. కంచరపాలెం పిల్లలం మరి, ఇండస్ట్రియల్ ఎస్టేట్ చూస్తూ పెరిగాం. పర్యాటకం కూడా పరిశ్రమేనని నాకు తెలిసింది, వ్యాను కొనుక్కుని అరకు ట్రిప్పులు మొదలుపెట్టాకే.

విశాఖలో చూడ్డానికి బీచి తప్ప ఏముందనేవారు. కిరండూల్ లైను ఇనుప ఖనిజం కోసం వేసింది. 2017లో ఆ రైలుకే అద్దాల బోగీ తగిలించారు. నౌకాదళం 2001లో సేవల నుంచి తప్పించిన కురుసుర జలాంతర్గామి మరుసటి ఏడే బీచిలో మ్యూజియం అయింది. 2020లో రుషికొండకు బ్లూ ఫ్లాగ్ వచ్చింది. ఇవన్నీ ప్రభుత్వాలు పూనుకుంటే జరిగిన పనులు.

"మమ్మల్నీ పరిశ్రమగా గుర్తించండి" అని హోటళ్లవారు ఏళ్ల తరబడి అడిగారు. ఎందుకంటారా? లేత్ మిషన్ తిరిగే షెడ్డుకి కరెంటు పరిశ్రమల రేటుకి వచ్చేది, పది గదుల లాడ్జికి వాణిజ్య రేటు పడేది. రెండూ నలుగురికి పని ఇచ్చేవే కదా! 2024లో మన రాష్ట్రం కొత్త పర్యాటక విధానంలో పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025 కేంద్ర బడ్జెట్‌లో రాష్ట్రాలతో కలిసి 50 పర్యాటక కేంద్రాల అభివృద్ధి, హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించారు. సంతోషమే. కానీ ఇవి ఎవరి చేతికి అందుతాయన్నదే నా బెంగ.

నా సంగతే చెబుతాను. కరోనాలో నా వ్యాను నెలల తరబడి ఇంటిముందే ఉండిపోయింది. వాయిదాలు కట్టడానికి నా భార్య గాజులు తాకట్టుకి వెళ్లాయి. 2021 జూన్‌లో కేంద్రం ట్రావెల్ సంస్థలకు 10 లక్షల వరకు, గైడ్లకు లక్ష వరకు పూర్తి హామీతో రుణాలు ప్రకటించింది. ఆశగా వెళ్లి కనుక్కున్నాను. గుర్తింపు పొందినవారికేనట! అన్నేళ్లు బండి నడిపినా నేను ఎక్కడా పేరు నమోదు చేసుకోలేదు. ఆ కాగితాలు పెద్దవాళ్లకనుకున్నాను. తప్పు నాదే. అప్పుడు తెలిసింది, లెక్కలో లేనివాడికి సాయం అందదని.

పెద్ద హోటళ్లకు సంఘాలున్నాయి, వారి మాట ఢిల్లీ దాకా వెళ్తుంది. అరకు దారిలో బొంగు చికెన్ కాల్చే అన్న తరఫున, బీచిలో మురీ మిక్చర్ అమ్మే అక్క తరఫున ఎవరు అడుగుతారు? ప్రభుత్వాన్ని నేను కోరేది ఒకటే: నమోదు పని చిన్నవాళ్లకు వార్డు సచివాలయంలోనే, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో జరగాలి.

మన సంఘానికీ ఒక విన్నపం. మనలో ఆడిటర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. నెలకో ఆదివారం ఈ బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చుందాం. డ్రైవర్లకు, గైడ్లకు, ఇంట్లో గది అద్దెకిచ్చేవాళ్లకు దరఖాస్తులు నింపిపెడదాం. మొదటి ఆదివారం టీ ఖర్చు నాది.

మాస్టారూ, ఆనాటి జవాబులో ఒకటి తక్కువైంది. ఇప్పుడు కలుపుకోండి.

సెలవు.