కుంచం ఎవరి చేతిలో ఉంది?

(ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాత పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాక కూడా మనవాళ్లను ఇంకొక గడప దగ్గర ఆపుతారు. దాన్ని ఇంటర్వ్యూ అంటారు, మౌఖిక పరీక్ష అంటారు. యూపీఎస్సీ వాళ్లయితే నేరుగా వ్యక్తిత్వ పరీక్ష అనే అంటారు. 2013 నుంచి సివిల్ సర్వీసుల మొత్తం 2025 మార్కుల్లో 275 దానివే. కంపెనీల్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పేజీలకు పేజీలు టిక్కులు పెట్టిస్తారు. చివరికి ఒకటే మాట: "తెలివి ఉంది గాని పర్సనాలిటీ లేదు." ఆ మాట విని తిరిగొచ్చినవాళ్లు మన ప్రతి వాడలో ఉన్నారు.

మన తాతలకు కుంచం కథ తెలుసు. కూలి కొలిచేటప్పుడు దొర చేతిలో చిన్న కుంచం, అప్పు వసూలు చేసేటప్పుడు పెద్ద కుంచం. గింజల్లో మోసం కంటికి కనపడుతుంది. మనిషి గుణాన్ని కొలిచే కుంచంలో మోసం కనపడదు. అందుకే ఇవాళ ఆ కుంచాన్ని తిరగేసి చూద్దాం.

మనోవిజ్ఞానశాస్త్రం గుణాన్ని కొలిచే పద్ధతులు ముఖ్యంగా మూడు. మన గురించి మన చేతే చెప్పించడం ఒకటి. బొమ్మలు చూపించి మనసు బయటికి లాగడం రెండోది. మనల్ని చూసి ఇంకొకరు మార్కులు వెయ్యడం మూడోది. ఏ పద్ధతినైనా ఆ శాస్త్రమే రెండు ప్రశ్నలు అడగమంటుంది. ఇవాళ కొలిచినా రేపు కొలిచినా ఒకటే వస్తుందా? దాన్ని విశ్వసనీయత అన్నారు. దేన్ని కొలుస్తానందో దాన్నే కొలుస్తోందా? దాన్ని సప్రమాణత అన్నారు. మనం మూడో ప్రశ్న కూడా అడుగుదాం. ఎవర్ని కొలిచి ఈ కుంచం చేశారు?

మొదటిది ప్రశ్నావళి. ఇందులో పేరుమోసింది ఎం.ఎం.పి.ఐ. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన హాతవే, మెకిన్లీ అనే ఇద్దరు 1943లో దాన్ని అచ్చేశారు. 500 పైచిలుకు వాక్యాలు. ఒక్కోదానికి నిజం, అబద్ధం అని గుర్తు పెట్టాలి. మరి మామూలు మనిషి జవాబు ఎలా ఉంటుందో ముందు తెలియాలి గదా! దానికోసం ఆసుపత్రిలో రోగుల్ని చూడవచ్చిన చుట్టాల్ని, స్నేహితుల్ని అడిగారు. వాళ్లు మిన్నెసోటా చుట్టుపక్కల తెల్లవాళ్లు. అంతే, వాళ్ల జవాబే 'మామూలు' అయి కూచుంది. నల్లవాడి జవాబు వేరుగా ఉంటే లోపం నల్లవాడిదే అయింది. రోజూ పోలీసులు ఆపి సోదా చేసే మనిషికి లోకం మీద అనుమానం ఉంటే అది రోగమా, అనుభవమా? ఈ విమర్శలన్నీ వచ్చాక 1989లో నల్లవాళ్లను, అక్కడి ఆదివాసులను కలుపుకుని 2600 మందితో కొత్త కొలతలు తీశారు. అంటే 46 ఏళ్లు పాత కుంచమే నడిచింది.

రెండోది బొమ్మల పద్ధతి. స్విట్జర్లండు డాక్టరు రోర్షాక్ 1921లో 10 సిరా మరకల కార్డులు చేశాడు. ఇందులో నీకేం కనపడుతోందని అడుగుతారు. 1935లో హార్వర్డులో మర్రే, క్రిస్టియానా మోర్గాన్ ఇద్దరూ బొమ్మ చూసి కథ చెప్పే పరీక్ష తెచ్చారు. మన దేశంలో సైన్యం ఆఫీసర్ల ఎంపికలోనూ బొమ్మ చూసి కథ రాయమంటారు. ఇక్కడ చిక్కేమిటంటే, కథ చెప్పేవాడి మనసు ఎంత బయటపడుతుందో, దానికి అర్థం చెప్పేవాడి మనసు కూడా అంతే బయటపడుతుంది. పనికి వెళ్లిన అమ్మ ఇంకా రాలేదని ఒక పిల్ల కథ రాస్తే, దాంట్లో ఒకాయనకు పిరికితనం కనపడుతుంది, ఇంకొకాయనకు బాధ్యత కనపడుతుంది.

ఇలాంటి నివేదికలు చదివి "అచ్చం నా గురించే రాశారు" అని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. 1948లో ఫోరర్ అనే అమెరికా అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. తర్వాత ఎవరి వ్యక్తిత్వ నివేదిక వాళ్లకిచ్చినట్టు ఇచ్చి, ఎంత సరిగా ఉందో మార్కులు వెయ్యమన్నాడు. 5కు సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులో వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి తీసినవి. కాబట్టి మిమ్మల్ని పొగిడిన నివేదికనైనా సరే ఒక పట్టాన నమ్మకండి.

ఇక మూడోది. మన బతుకుల మీద ఎక్కువ దెబ్బ కొట్టేది ఇదే. ఒకరు చూసి మార్కులు వెయ్యడం. థారన్‌డైక్ 1920లోనే దీని గుట్టు విప్పాడు. సైన్యంలో పై అధికారులు కింది అధికారులకు ఒడ్డూ పొడుగూ, తెలివి, నాయకత్వం, శీలం అని విడివిడిగా మార్కులు వేశారు. చూడబోతే అన్నీ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. మనిషి నదురుగా ఉంటే శీలానికి కూడా మార్కులు పడ్డాయి! అక్కడ ఒడ్డూ పొడుగూ. మరి ఇక్కడ? ఇంటిపేరు, ఊరిపేరు, ఇంగ్లీషు యాస, అయ్య చేసే పని.

ఇది మనం ఉక్రోషంతో అంటున్న మాట కాదు. అజయ్ హసియా కేసులో 1980 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. శ్రీనగర్ ఇంజనీరింగు కాలేజీ ప్రవేశాల్లో రాతకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరితో మాట్లాడింది 2, 3 నిమిషాలు. అడిగింది తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అని. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూకు 15 శాతం మించితే అది ఇష్టారాజ్యమేనని కోర్టు చెప్పింది. జోధ్‌కా, న్యూమన్ 2007లో అచ్చేసిన పరిశోధనలో పెద్ద కంపెనీల మేనేజర్లు ప్రతిభే చూస్తామంటూనే కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామని చెప్పారు. అదే ఏడాది థోరాట్, అట్వెల్ సమాన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. మనిషిని చూడకముందే గుణం తేల్చేశారన్నమాట!

ఇంకొకటుంది. హాఫ్, పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడిపిల్లలకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం చెప్పనంతసేపూ అందరూ ఒకేలా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించగానే దళిత పిల్లలు వెనకబడ్డారు. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఆ పిల్లల్లో తగ్గింది తెలివా? కొలిచే చోటే మనిషిని మార్చేస్తోంది.

అయితే కొలతే వద్దందామా? వద్దనకండి. కుంచం విరగ్గొడితే మిగిలేది దొరగారి కంటిచూపే. అది ఇంకా అన్యాయం. మనం అడగాల్సింది నికరమైన కుంచం. దానికి దారి కూడా ఆ శాస్త్రమే చెప్పింది. పిచ్చాపాటి ఇంటర్వ్యూ కంటే పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ పనితీరును బాగా అంచనా వేస్తుందని పరిశోధనలు తేల్చాయి. అందరికీ అవే ప్రశ్నలు వెయ్యాలి. అవి చెయ్యబోయే పనికి సంబంధించినవై ఉండాలి. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసుకోవాలి. సభ్యులు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు వెయ్యాలి. ఇంటిపేరు, కులం, అయ్య చేసే పని బల్ల మీదికి రాకూడదు. బల్లకు అవతలి వైపు మనవాళ్లు కూడా కూర్చోవాలి.

అవసరం లేనిచోట ఇంటర్వ్యూ ఎత్తేయడం కూడా సాధ్యమే. 2016 జనవరి 1 నుంచి కేంద్రం గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకు ఎత్తేసింది. తెలంగాణ 2022 గ్రూప్-1 నోటిఫికేషన్ ఇంటర్వ్యూ లేకుండానే ఇచ్చింది. ప్రభుత్వాలేమీ కూలిపోలేదు.

రేపు మీలో ఎవరినైనా "పర్సనాలిటీ లేదు" అని వెనక్కి పంపితే తల దించుకుని రావద్దు. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు వేశారో సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి అడగండి. ఒక్కరే అడగొద్దు, పదిమంది కలిసి అడగండి. మన గుణాన్ని కొలిచేవాళ్లు ముందు తమ కుంచాన్ని మన ముందు పెట్టాలి.