ఇంజనుకు ఊపిరి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాంగ శ్రవణానికీ పులిహోరకూ నడుమ మోటారు ఇంజను ఏమిటని మీరు నవ్వవచ్చును. కోడంబాక్కంలో ఆదివారాలు ఒక పాత కారుతో కుస్తీ పట్టిన నలుగురం మేము. నేర్చుకొన్నది చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు, చెబుతున్నాము.

మాలో ఒకరికి తండ్రిగారు మిగిల్చి పోయిన ప్రీమియర్ పద్మిని ఉన్నది. ఆ పెద్దాయన షోలవరం పందాల అభిమాని. మన నెల్లూరు వెళ్లే దారిలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల బాట మీద, 1953లో పుట్టిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు ఆ పందాలు నడిపేవారు. తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాట ఏర్పడినది. షోలవరంలో ఫియట్లు కూడా పరుగెత్తేవి. ఆ ముచ్చటతోనే మేము దీని బలం పెంచ సాహసించాము.

బ్లోయరు పెట్టి గాలిని దట్టించడం మా పద్ధతి కాదు. ఇంజను తన ఊపిరి తానే పీల్చుకోవాలి. అట్టి ఇంజనుకు బలం పెరగడానికి దారులు మూడు: గాలి సులువుగా వచ్చిపోవాలి, గట్టిగా నొక్కబడాలి, నిమిషానికి ఎక్కువ చుట్లు తిరగాలి.

నొక్కుడు లెక్క చూడండి. ఇంజను మొత్తం 1089 ఘన సెంటీమీటర్లు. సిలిండర్లు నాలుగు గనుక ఒక్కొక్కటికి 272. పిస్టను పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 39 అయితే నొక్కుడు 8 రెట్లు. 34 అయితే 9 రెట్లు. ఒక చెంచాడు చోటులో ఉన్నది తేడా అంతా! మేము కొలవకుండానే హెడ్డు అరగదీయించాము. మొదటి వారం గుర్రంలా పరుగెత్తింది. రెండవ వారం ఎండలో టకటక మోత, పిస్టనుకు చిల్లి. మిత్రుడు ఏమీ అనలేదు. తండ్రిగారి చేతుల్లో నునుపెక్కిన స్టీరింగు పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. తప్పు మాదే.

మళ్లీ మొదలుపెట్టాము. గుర్తులున్న గాజు గొట్టంతో కిరోసిను పోసి ప్రతి గదినీ కొలిచాము. గాలి దారుల్లోని గరుకు తీశాము. వాల్వులు ఆనేచోట్లు సరిచేశాము. పందెపు క్యాంషాఫ్టు పెట్టి చూశాము. వేగంలో బలమున్నది గాని, రద్దీలో కోడంబాక్కం వంతెన ఎక్కేటప్పుడు నెమ్మదిలో లాగలేదు, తీసివేశాము. చుట్లు రెట్టింపైతే పిస్టను మీద పడే ఈడ్పు నాలుగింతలౌతుంది గనుక ఆ ఆశా తగ్గించుకొన్నాము. బ్రేకులు మాత్రం అన్నిటికంటె ముందు బాగు చేయించాము.

నేడు ఆ కారు వంతెన హాయిగా ఎక్కుతున్నది. ఇప్పుడే విన్నాము గదా, ప్రతి రాశికీ ఆదాయముతోపాటు వ్యయమూ ఉన్నది. ఇంజనుకూ అంతే. ఒకచోట తీసుకొన్న బలానికి మరొకచోట చెల్లించాలి. ముందుగా కొలుచుకొన్నవారికి ఆ చెల్లింపు తేలిక.