శ్రీశైలానికి కాలినడక త్రోవ

శ్రీశైలానికి దారి ఏది అని ఈనాడు అడిగితే ఎవరైనా బస్సు దొరికే చోటు చూపిస్తారు. దోర్నాల మీదుగా గాని, మన్ననూరు మీదుగా గాని పోయే తారు రోడ్డున యాత్రికుడు కునుకు తీస్తూ కూడా క్షేత్రం చేరగలడు. అయినా ఏటేటా మహాశివరాత్రికి ముందు కొన్ని దినాలు, ఉగాదికి ముందు కొన్ని దినాలు వేలాది జనం నల్లమల అరణ్యం గుండా కాలినడకనే శ్రీశైలం చేరుతున్నారు. ఉగాదికి వచ్చేవారిలో అధికసంఖ్యాకులు కన్నడ దేశస్థులు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, ఎన్నో దినాలు నడచి వచ్చేవారు వారు. ఊళ్ళు లేని ఆ అడవిలో వీరికి త్రోవ ఎట్లా తెలుస్తున్నది? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని ఎండలు ముదిరే దినాలలో, నీరు దొరకని చోట త్రోవ తప్పడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మన పూర్వులు శ్రీశైలానికి నాలుగు ద్వారాలు చెప్పినారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట ఆలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇవి గాక ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం అని ఉపద్వారాలు ఉన్నవి. ఇవి గుడి గోడకు అమర్చిన తలుపులు కావు. కొండకు ఎంతో దూరాన, నదుల ఒడ్డున, గుట్టల మీద వెలసిన క్షేత్రాలు. పురాణ దృష్టిని అట్లా ఉంచి చూచినా వీటి ఉపయోగం మనకు బోధపడుతుంది. దూరదేశం నుండి బయలుదేరినవాడు త్రోవ అంతా తెలిసి ఉండనక్కర లేదు. తన దిక్కున ఉన్న ద్వారం పేరు తెలిస్తే చాలు. అక్కడ దేవాలయం ఉంటుంది, నీరు ఉంటుంది, తరువాతి మజిలీ చెప్పగల మనిషి ఉంటాడు. దీర్ఘమైన యాత్రను చిన్న చిన్న ప్రశ్నలుగా విడదీసి ఇచ్చిన ఏర్పాటు ఇది అని మాకు తోస్తున్నది.

ఈనాటికీ జనం నడుస్తున్న త్రోవలలో ముఖ్యమైనది ఆత్మకూరు వైపు నుండి పోయేది. వెంకటాపురం దాటినది మొదలు అడవి. తరువాతి మజిలీల పేర్లు వరుసగా వినండి: నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. కుంట, చెరువు, బావి, కొలను! ఈ పేర్లు చెప్పుకొనడమంటే నీటివనరులను వరుస తప్పకుండా లెక్కపెట్టుకొనడమే. ఒక పేరు మరచినవాడు ఒక పూట దాహానికి గురి అవుతాడు. అక్షరజ్ఞానం లేని యాత్రికుడు సైతం ఈ పటాన్ని నాలుక మీద పెట్టుకొని వెళ్ళగలిగినాడు. తండ్రి కొడుకుకు, అత్త కోడలికి అప్పగించిన పటం ఇది.

పేర్లకు తోడు మెట్లు ఉన్నవి. రెడ్డిరాజులలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబలానికీ సోపానాలు కట్టించినాడని మన చరిత్రలో ప్రసిద్ధి. నాగలూటి వీరభద్రస్వామి ఆలయం దగ్గర కొండ ఎక్కడానికి రాతిమెట్లు ఉన్నవి. భీముని కొలను లోయలోనికి దిగడానికి మెట్లు. అక్కడి నుండి కైలాసద్వారానికి ఎక్కడానికి మళ్ళీ మెట్లు. మెట్టు కాలికి సాయమే గాక కంటికి సాక్షి కూడా. అడవిలో పశువులు తొక్కిన జాడ, ఎండిన వాగు అడుగు, కట్టెలకు పోయేవారి బాట అన్నీ త్రోవ వలెనే కనిపిస్తవి. రాతిమెట్టు మాత్రం పొరబాటున పుట్టదు. అరిగిన మెట్టు కంటబడితే, మనకు ముందు ఎందరో ఇటే వెళ్ళినారని తెలుస్తుంది.

ఏనుగుల వీరాస్వామి ఈ త్రోవనే వెళ్ళినాడు. చెన్నపట్నపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినాడు. దారి పొడుగునా చూచిన సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాసి పంపినాడు. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్రా చరిత్రగా అచ్చయినవి. ఆయన స్వయంగా పల్లకిలో పోయినా, బోయీల కాళ్ళకు ఏ నేల ఎట్లా ఉన్నదో గమనించడం మానలేదు. ఇసుకయా, రాయా? నీళ్ళు మంచివా? అంగళ్ళు ఉన్నవా? దిగడానికి చోటు ఉన్నదా? ప్రతి మజిలీ వద్ద ఇవే విచారణలు. ఆనాటి పాఠకునికి ఆ గ్రంథం వినోదంతో పాటు చేతికర్ర వలె కూడా ఉపయోగపడి ఉండాలి.

అయితే పేరు, మెట్టు, పుస్తకం ఎన్ని ఉన్నా, అడవిని ఎరిగిన మనిషి మాటకు సాటి రావు. నల్లమలలో ఆ మనిషి చెంచు. మల్లికార్జునుని తమ అల్లునిగా, చెంచు మల్లయ్యగా చెప్పుకొనే ఆ జనానికి ఏ ఊట ఎన్నాళ్ళకు ఎండుతుందో, ఏ లోయలో పొద్దు త్వరగా గుంకుతుందో తెలుసు. పెచ్చెరువు వద్ద చెంచుగూడెం ఉన్నది. అక్కడి వారిని యాత్రికుడు ‘అన్నా, నీళ్ళు ఎంత దూరం?’ అని అడిగి కదలడం మర్యాద మాత్రమే గాదు, జాగ్రత్త కూడా.

కాలంతోపాటు త్రోవలూ మారినవి. నాగార్జునసాగర్ జలాశయంలో ఏలేశ్వరం మునిగిపోయినది. సంగమేశ్వరం శ్రీశైలం జలాశయపు నీటిలో ఉండి, వేసవిలో నీరు తగ్గినపుడు తిరిగి దర్శనమిస్తున్నది. మోటారు రోడ్డు వచ్చిన తరువాత నడచేవారు లేక ఎన్నో కాలిబాటలను పొదలు కప్పివేసినవి. ఈ అరణ్యం 1978లో అభయారణ్యమైనది. 1983లో పెద్దపులుల సంరక్షణ పథకంలో చేరినది. అందువల్ల పండుగ దినాలలో, అటవీశాఖ అనుమతించిన కాలంలోనే ఈ త్రోవన నడవాలి. త్రోవ బ్రతికి ఉండడం నడిచే కాళ్ళ మీద ఆధారపడి ఉన్నది. ఆ కాళ్ళు అడవికి భారం కాకూడదు. త్రాగి పారవేసిన ప్లాస్టిక్ సీసా, ఆర్పక విడిచిన పొయ్యి తరువాతి యాత్రికునికీ, అడవిమృగానికీ కూడా చేటు.

ఇప్పుడు చాలామంది సెల్‌ఫోనులోని పటాన్ని నమ్మి బయలుదేరుతున్నారు. అది చెడ్డది కాదు. కాని లోయలో సంకేతం అందదు. రెండు పూటల నడకలో దాని శక్తి తరిగిపోతుంది. కనుక నాలుగు మాటలు గుర్తుంచుకొనడం మేలు. ఒంటరిగా పోరాదు, గుంపులో నెమ్మదిగా నడిచేవాని అడుగే అందరి అడుగు కావాలి. తెల్లవారుజామున కదలి, ఎండ ముదరక ముందే నీటి చెంతకు చేరాలి. దగ్గరి దారి అని తోచిన చోట మెట్లను విడువరాదు. ఒకవేళ త్రోవ తప్పినట్లు అనుమానం కలిగితే ముందుకు పోక, చివరిసారి చూచిన గుర్తు వద్దకు మరలి వచ్చి నిలవాలి. ‘హరహర మహాదేవ’ అని పిలిస్తే వెనుక వచ్చే గుంపు పలుకుతుంది. ఆ పిలుపు భక్తికే గాక, ముందువారు ఎంత దూరాన ఉన్నారో, వెనుకవారు అందుతున్నారో లేదో తెలుసుకొనడానికీ ఉన్నదే.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికులను గుంపులు గుంపులుగా నడిపించినాడు. ఆ నడక ఇంకా ఆగలేదు. వచ్చే ఉగాదికి ముందు ఎవరో ఒక తల్లి, బిడ్డను చంకనెత్తుకొని, దామెర్లకుంట తరువాత పెచ్చెరువు, పెచ్చెరువు తరువాత మఠంబావి అని ఆ బిడ్డకు చెప్పుతూ నడుస్తుంది. ఆ బిడ్డకు త్రోవ తెలిసినట్లే.